ఎడమవైపు ఖాళీ

1998లో నేను బిలాస్‌పూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేదాన్ని. కింద స్కూటర్ స్పేర్ పార్టుల దుకాణం, పైన మేము. మెట్ల నిండా గ్రీజు వాసన, పైకొస్తే ప్రింటర్ రొద. తాతగారి కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం మాది. నాన్న గార్డుగా రిటైరయ్యాక సర్కండాలో ఇల్లు తీసుకున్నాం. రోజూ లూనా మీద అర్పా నది వంతెన దాటి ఆఫీసుకు వెళ్లేదాన్ని.

ఈ వృత్తిలో నాకు ఓపిక తక్కువని పేరు. అది నిజమే. ఎవరి ప్రోగ్రామ్ ఆగిపోయినా వాళ్లు చెప్పే మాట ఒకటే: “మేమేం ముట్టుకోలేదు మేడమ్, దానంతట అదే ఆగిపోయింది.” దానంతట అదే ఏదీ ఆగదని నా గట్టి నమ్మకం. ఎవరో ఒకరు ఎక్కడో వేలు పెట్టే ఉంటారు. ఆ నమ్మకంతోనే పాతికేళ్లు నెట్టుకొచ్చాను. ఒక్క కేసులో మాత్రం అది సగమే నిజమైంది. ఆ మిగతా సగం గురించి ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు.

ఆ ఏడాది మాకు ఒక బొగ్గుగని పని వచ్చింది. గని పేరు చెప్పను. బిలాస్‌పూర్ నుంచి ప్యాసింజర్‌లో వెళ్లి, దిగాక జీపు ఎక్కాలి. బొగ్గు తీసేసిన భాగాల్ని అక్కడ ఇటుక గోడ కట్టి మూసేస్తారు. ఆ గోడను సీల్ అంటారు. గోడలో ఒక పైపు ఉంటుంది. రోజూ దాని ద్వారా లోపలి గాలి తీసి, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉంది, ఆక్సిజన్ ఎంత తగ్గింది అని లెక్క కడతారు. ఆ నిష్పత్తి పెరుగుతోందంటే గోడ వెనక మిగిలిన బొగ్గు తనంతట తాను వేడెక్కుతోందని అర్థం. బొగ్గు అలా అంటుకోవడం గనిలో కొత్త కాదు. ముందే తెలిస్తే పక్క భాగంలో పనిచేసేవాళ్లను పైకి తెచ్చేయవచ్చు.

లెక్క ఒక్కో గోడకు ఒక్కో రకం. పైపు పొడవును బట్టి, వాడే పరికరాన్ని బట్టి చిన్న చిన్న సవరణలు ఉంటాయి. వాటిని గనిలో గాలి వ్యవహారం చూసే మనిషే మారుస్తుంటాడు. ప్రతి మార్పుకూ నేను ప్రోగ్రామ్ తిరగరాయలేను కదా. అందుకని అప్పుడే చేతికొచ్చిన పైథాన్ అనే కొత్త భాషలో ఒక ఏర్పాటు చేశాను. ఆయన తన లెక్కను ఒక్కో గోడకు ఒక్కో లైనుగా టైప్ చేస్తాడు. ఎడమవైపు గోడ పేరు, మధ్యలో సమానం గుర్తు, కుడివైపు లెక్క. ప్రోగ్రామ్‌కు ఆ లైను ఉత్త అక్షరాల వరస, దాన్ని స్ట్రింగ్ అంటాం. ఆ వరసను తీసుకుని, ఇది నీ సొంత కోడే అనుకుని నడిపించు అని చెప్పే ఆజ్ఞ పేరు ఎగ్జెక్. పరాయి మనిషి మాటను మన నోట పలికించడం లాంటిది అది. ప్రమాదమూ ఉంది, సుఖమూ ఉంది.

గనిలో ఆ మనిషి పేరు సూర్యారావు. అందరూ సూర్రావు గారనేవారు. బొబ్బిలి దగ్గరి వాళ్లు. తండ్రి రైల్వేలో ఖలాసీగా వస్తే ఈయన డిప్లొమా చదివి గనిలో చేరాడు. నాన్నకు కొంచెం ఎరుక. నేను బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని.

పైఆఫీసు నుంచి కొత్తగా ఒక ఆర్డరు వచ్చింది. ఇకపై చేతిరాత లెక్కలు చెల్లవు, కంప్యూటర్ ప్రింటు చూపిస్తేనే ఏ నిర్ణయమైనా. సూర్రావు గారు తన కొలతలూ లెక్క లైన్లూ ఫ్లాపీలో పంపితే మేం రిపోర్టు ప్రింటు తీసి గనికీ, ఆ పైఆఫీసుకూ ఫ్యాక్సు చేయాలి.

మొదటి ఫ్లాపీయే ఆగిపోయింది. ఒకటి నుంచి ఆరు గోడల దాకా చక్కగా లెక్క వచ్చింది. తర్వాతి లైను దగ్గర సింటాక్స్ ఎర్రర్. అంటే, నువ్వు రాసిన వాక్యం అమరిక నాకు అర్థం కావడం లేదు అని మెషీన్ చెప్పడం.

ఇలాంటివాటికి నా దగ్గర అలవాటైన అనుమానితులు ఉన్నారు. డాస్‌లో టైప్ చేసిన ఫైలులో ప్రతి లైను చివరా కంటికి కనపడని గుర్తు ఒకటి ఎక్కువగా ఉంటుంది. ఆ రోజుల్లో పైథాన్‌కు స్ట్రింగ్‌లో అది తగిలితే గొంతులో ముల్లు దిగినట్టే. దాన్ని తీసేశాను. ఫైలు చివర అంతమని తెలిపే మరో కనపడని గుర్తు ఉంటుంది. అదీ తీసేశాను. చివరి లైను తర్వాత ఎంటర్ కొట్టకపోయినా పేచీయే. అదీ చూశాను. ఎర్రర్ అక్కడే ఉంది, కదల్లేదు.

అప్పుడు ఆ లైనును సరిగ్గా చూశాను. ఎడమవైపు పేరు లేదు. రెండు అక్షరాలు పట్టేంత ఖాళీ, ఆ తర్వాత సమానం గుర్తు, తర్వాత లెక్క. కింద, తప్పు ఎక్కడుందో చూపే బాణం గుర్తు. పైథాన్‌లో లైను మొదట్లో ఖాళీకి అర్థం ఉంది. మిగతా భాషలు పట్టించుకోవు గానీ ఇది పట్టించుకుంటుంది. సరే, ఆ ఖాళీలే కారణమని వాటిని తీయించాను. సమానం గుర్తు లైను మొదటికి జరిగింది. బాణం మళ్లీ దాని కిందికే వచ్చి నిలబడింది.

మర్చిపోయాడు పెద్దాయన అనుకున్నాను. ఆరో గోడకూ ఎనిమిదో గోడకూ మధ్యది ఏదో నాకు మాత్రం తెలియదా? పేరు నేనే టైప్ చేశాను. ప్రింటు వచ్చింది. ఫ్యాక్సు చేసి, సరిచేసిన ఫైలును ఫ్లాపీలో తిరిగి పంపేశాను.

మర్నాడు వచ్చిన ఫ్లాపీలో అక్కడ మళ్లీ ఖాళీ. అదే కొలత, రెండక్షరాలది.

ఫ్లాపీ పాడైందేమో అనుకున్నాను. ముందు సరిచేసిన ఫైలునే కొత్త దాంట్లో పంపాను. ఖాళీగా తిరిగొచ్చింది. వైరస్ అనుకుని వెతికాను. ఏ వైరస్ అయినా ఎంచి ఒక్క పేరునే తినదు. అయినా వెతికాను. ఒక మధ్యాహ్నం మా ఆఫీసులో కరెంటు పోయి వచ్చాక, తెర మీద ఆ బాణం గుర్తు ఖాళీని చూపిస్తూ ఉండటం చూసి ఎందుకో మెడ మీద చల్లగా తగిలింది. లేచి ఫ్యాను ఆపాను. ఇంక ఆ ఫైలు జోలికి పోలేదు, ఆ రోజూ రిపోర్టు వెళ్లలేదు.

మర్నాడు పొద్దున్న ప్యాసింజర్‌లో సూర్రావు గారే వచ్చేశారు. మెట్లు ఎక్కి ఆయాసపడుతూ ఫ్లాపీ నా బల్ల మీద పెట్టారు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది.

“అమ్మా, ఈయేళ రిపోర్టు బేగి కావాల. ఆ గోడకాడ వాసనొస్తన్నాది. కిరసనాయిలు లాంటి వాసన. గోడ సెమట పట్టీసింది. లోపల వేడెక్కుతున్నాదమ్మా.”

“మరి మనుషుల్ని పైకి తెచ్చేయలేకపోయారా?”

“నా సేతిలో ఏటున్నాది? మేనేజరుకి సెప్పినాను. పైఆఫీసుకి ఫోన్ సేసినాడు. వాళ్లు కంప్యూటర్ కాయితం ఏదీ అంటన్నారు. అది నేకుండా ఎనిమిదో పేనల్ ఆపరంట. మా తమ్ముడు దేముడు అక్కడే డ్యూటీ. రెండో షిఫ్టుకి దిగిపోతాడు.”

ఎనిమిదో పేనల్ అంటే ఆ గోడకు ఆనుకుని, ఇంకా బొగ్గు తీస్తున్న భాగం; అందులో తీసేసినంత మేరకే ఎనిమిదో గోడ కట్టారు. బొగ్గు రాలడానికి మందు పెట్టి షాట్లు పేల్చే మనిషి దేముడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫ్లాపీ పెట్టి చూపించాను.

“ఇదుగో బాబాయ్ గారూ, చూడండి. మీరు పేరు రాయకపోతే మెషీన్ ఇక్కడ ఆగిపోతుంది. నేను సరిచేసి పంపినా మీరే తీసేస్తున్నారా?”

“నేనే తీసీసినాను.”

అంత తేలిగ్గా ఒప్పుకుంటారనుకోలేదు. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సరే, ఇప్పుడైనా రాద్దాం అని కీబోర్డు మీద చెయ్యి పెట్టాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆడపిల్ల చెయ్యి పట్టుకునే మనిషి కాదాయన. వెంటనే వదిలేసి, రెండడుగులు వెనక్కి వేశారు.

“ఒద్దమ్మా. ఆ పేరు రాయొద్దు. మొన్న నువ్వు ఇక్కడ రాసీసావు కదా. ఫ్యాక్సు రాకముందే అక్కడ మాకు తెలిసిపోయింది.”

“ఎలా తెలిసింది? అప్పటికి ఫ్లాపీ కూడా మీకు చేరలేదు కదా.”

ఆయన కుర్చీలో కూర్చుని నెమ్మదిగా చెప్పారు. నేను ఈ కథ రాసే ఇన్నేళ్లకూ ఆ గొంతు నా చెవిలో ఉంది.

చాలా ఏళ్ల కిందట ఆ గోడ వెనక ఉన్న పేనల్‌లో పైకప్పు కూలింది. వెంటనే మంట లేచింది. లోపల కొందరు మనుషులు ఉండిపోయారు. వాళ్లను తీయడానికి వీల్లేకపోయింది. మంట మిగతా గనికి పాకకుండా గోడ కట్టేయక తప్పలేదు. కట్టేటప్పుడు లోపలి నుంచి చప్పుడు వచ్చిందని కొందరు, రాలేదని కొందరు అన్నారట. సూర్రావు గారు ఆ గోడకు ఇటుకలు అందించినవాళ్లలో ఒకరు. వచ్చిందో రాలేదో ఆయన నాకు చెప్పలేదు.

“మా గనిలో షిఫ్టు ముందర నంబరు పిలిచి హాజరీ ఏస్తారమ్మా. పేనల్ నంబరు పిలిస్తే ఆ పేనల్ వాళ్లు ఏదో ఒకదాని మీద టకటకా కొట్టి ఉన్నాం అని సెప్తారు. గోలలో మాట ఇనబడదు కదా. గోడ కట్టినాక పెయింటరు దాని మీద నంబరు రాసినాడు. ఆ షిఫ్టులోనే ఎనకాల్నుంచి కొట్టినారు. వాళ్లని పిలిచినాం అనుకున్నారు కాబోలు. నంబరు సెరిపీసినాం. ఆగిపోనాది. అప్పట్నుంచి మేం ఎవలమూ ఆ నంబరు రాయం, అనం. గాలి పట్టిన సంచీకి నంబరు రాసిన సీటీ కట్టం. లెక్క రాసేటప్పుడు అంత మేర ఖాళీ ఒగ్గీస్తాం. ఖాళీ అంటే అదే అని అందరికీ తెలుసు.”

అందరికీ తెలుసు, మెషీన్‌కు తప్ప. నాకు తప్ప.

“నేను టైప్ చేసిన రోజు...”

“కొట్టినారమ్మా. దేముడు కూడా ఇన్నాడు.”

కింద దుకాణంలో ఎవరో స్కూటర్ కిక్ కొడుతున్నారు. ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతోంది. అంత పట్టపగలు నాకు భయం వేసింది. ఆ భయాన్ని చూసి నాకే కోపం వచ్చింది.

“బాబాయ్ గారూ, వేడెక్కిన గోడలో ఇటుకలు పగుళ్లిస్తాయి. చప్పుడు వస్తుంది. మీ తమ్ముడు దిగబోతున్నాడు. పేరు రాస్తే ప్రింటు వస్తుంది, ప్రింటు వస్తే అతను బతుకుతాడు. మీరు రాయొద్దంటారేమిటి?”

“మా తమ్ముడు దిగబోతున్నాడు గాబట్టే ఒద్దంటన్నాను తల్లీ. పిలిస్తే వాళ్లు ఇటే ఒస్తారు. మధ్యన ఆ గోడొక్కటే ఉన్నాది.”

మా ఇద్దరికీ కావలసింది ఒకటే. ఆ మనిషి దిగకూడదు. ఆయన కళ్లు చూశాక ఆ పేరు మీద నా వేలు పడదని నాకు తెలిసిపోయింది. కావాలంటే పిరికితనం అనుకోండి. నేను మొన్న చేతులారా టైప్ చేసిన మాటకు అక్కడ జవాబు వచ్చిందని విన్నాను. రెండోసారి నా వల్ల కాలేదు.

అప్పుడు పని వైపు తిరిగాను. ఆయన లైను తప్పు కాదు, నా ప్రోగ్రామ్ ఆయన లైనును అర్థం చేసుకోలేకపోతోంది. మార్చవలసింది ప్రోగ్రామ్‌నే. ప్రతి స్ట్రింగ్‌నూ ఎగ్జెక్‌కు ఇచ్చే ముందే ఒకసారి చూడాలి. సమానం గుర్తుకు ఎడమవైపు ఏమీ లేకపోతే, లోపల ఏదో ఒక పేరు అతికించి నడపాలి. ప్రింటులో మళ్లీ ఆ చోటు ఖాళీగానే వదిలేయాలి. నాలుగైదు లైన్ల పని. చకచకా టైప్ చేశాను. ఆయన నా వెనకే నిలబడి తెర వైపు చూస్తున్నారు.

“లోపల పేరు అంటన్నావు. ఏటి పేరు?”

“ఏదో ఒకటి. పేరు లేకుండా మెషీన్ లెక్క దాచుకోలేదు. పేరు పెట్టి పిలిస్తేనే దానికి గుర్తుంటుంది.”

“అచ్ఛా. పిలుస్తాదన్నమాట.”

“అలాగే అనుకోండి.”

ఆయన తెర మీది ఆ ఖాళీ దగ్గర వేలు పెట్టారు.

“ఐతే నా పేరెట్టు. వాళ్లు ఎరిగిన పేరే. పిలిస్తే నేను పలుకుతాను.”

గోడ గడియారంలో షిఫ్టు వేళ దగ్గరపడుతోంది. సూర్య అని టైప్ చేసి ప్రోగ్రామ్ నడిపాను. ఆరో గోడ దాటింది. మధ్యలో ఒక లైను పేరు లేకుండా, ఒట్టి అంకెతో ప్రింటయింది. ఎనిమిదో గోడ వచ్చింది. ప్రింటర్ ఆగింది.

ఆ అంకె చూసి సూర్రావు గారు బల్ల పట్టుకున్నారు. దాని అర్థం నాకు ఆయన చెప్పక్కర్లేదు. పక్క గోడల అంకెల ముందు అది ఎంత పెద్దగా ఉందో కళ్లకే కనిపిస్తోంది. రెండు చోట్లకూ ఫ్యాక్సు చేసి, ఫోన్ ఆయన చేతికిచ్చాను. మేనేజరు రావడానికి ఆలస్యమైంది. ఆ కాసేపూ ఆయన రిసీవరును రెండు చేతులతో చెవికి అదుముకుని కళ్లు మూసుకున్నారు. చివరికి అటునుంచి ఏదో విని, కళ్లు తెరిచి నాతో అన్నారు.

“ఆపీసినారమ్మా. రెండో షిఫ్టు ఎనిమిదిలోకి దిగనేదు. దేముడు పైనే ఉన్నాడు.”

ఆ సాయంత్రమే గోడ పగిలింది. పొగ ఎనిమిదో పేనల్ నిండా కమ్ముకుందట. అక్కడ ఎవరూ లేరు. తర్వాత కొన్ని వారాలపాటు మంటతో పోరాడి, ఇంకొంచెం ఇవతల కొత్త గోడ కట్టారు. దాని మీదా ఎవరూ ఏమీ రాయలేదు. నా ప్రోగ్రామ్ రోజూ ఆ ఖాళీని సూర్రావు గారి పేరుతో చదువుతూనే ఉంది.

చలికాలంలో ఒకసారి ఆయన టౌన్‌కు వచ్చి ఆఫీసులో నా ఎదుట కూర్చున్నారు. టీ తాగుతూ, ఏమీ కానట్టు చెప్పారు. “తెల్లారుజామున మొదటి షిఫ్టు హాజరీ వేళకి రోజూ మా కోటర్ తలుపు కొడతన్నారమ్మా. తీస్తే ఎవలూ ఉండరు.”

నేను కీబోర్డు దగ్గరకు లాక్కున్నాను. “పేరు మార్చేస్తాను బాబాయ్ గారూ, ఇప్పుడే. అర్థం లేని అక్షరాలు ఏవో నాలుగు పెడతాను.”

“ఒద్దు. ఆ కొట్టుడు నాను ముందే ఎరుగుదును. గోడ కట్టిన్రోజు కూడా కొట్టినారు. నాను ఇటుకలు అందిస్తానే ఉన్నాను. అప్పుడు పలకనేదు.” ఆయన గ్లాసు కింద పెట్టారు. “ఇప్పుడు తలుపు తీసి, ఉన్నానురా అంటాను. ఆగిపోతారు.”

నేను దయ్యాల్ని నమ్మను. కానీ ఆ పేరును మార్చలేదు. మీకు అర్థమయ్యే ఉంటుంది, ఈ కథ మొదటి నుంచీ ఆ గోడ నంబరును నేనూ ఎక్కడా రాయలేదు.

ఆ తర్వాత ఈ వృత్తిలో వేరేవాళ్లు రాసిన కోడ్ ఎంతో నడిపాను. అడ్డమైన సింటాక్స్ ఎర్రర్లన్నీ చూశాను. ఈ కేసు నేర్పింది ఒకటుంది. ఎర్రర్ అంటే మెషీన్‌కు అర్థం కాలేదని మాత్రమే, రాసిన మనిషి తప్పు చేశాడని కాదు. ఒకే చోట ఒకే రకంగా మళ్లీ మళ్లీ వచ్చే తప్పు చాలాసార్లు తప్పు కాదు. దాన్ని దిద్దే ముందు, ఇలా ఎందుకు రాశారని అడగాలి. నా కింద పనిచేసే పిల్లలకు ఇదే చెప్తాను. ఎక్కడ నేర్చుకున్నానో చెప్పను.

సూర్రావు గారు ఆ తర్వాతి ఏడాది రిటైరయ్యారు. ఆయన రిటైరైన మర్నాడు మా ఆఫీసు మెట్లెక్కి ఎవరో కొత్త మనిషి వచ్చాడు. ఎత్తుగా, నల్లగా, కనుబొమ్మల్లో చెరగని బొగ్గుతో ఉన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“నేను దేముణ్నమ్మా. సూర్రావు తమ్ముణ్ని. మా అన్న ముసలోడైపోనాడు. తెల్లారుజామున లేవలేకపోతన్నాడు.” తెర వైపు ఒకసారి చూసి, చూపు దించుకున్నాడు. “ఆడి పేరు తీసీసి నా పేరెట్టమ్మా. నాను పలుకుతాను.”

నేను పేరు మార్చాను.